ఓబులు కాచిన బియ్యం

కువైట్‌లోని జహ్రాలో ఆ వీధి ఆడవాళ్లను సొంత పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పెద్దకొడుకు పేరు ముందు ఉమ్ అని చేర్చి, ఉమ్ నాసర్ అనో ఉమ్ బదర్ అనో పిలుస్తారు. ఉమ్ అంటే అమ్మ. ఆ ఇళ్లలో గిన్నెలు తోమి, పిల్లల్ని చంకనెత్తుకుని పెంచే మన ఊళ్ల ఆడవాళ్లకు ఆ మర్యాద దక్కదు. వాళ్ల పేర్లను నోరు తిరిగినంత వరకు పలికి, తిరగనిది వదిలేస్తారు. అలాంటి వీధిలో ఒక్క పనిమనిషికి మాత్రం ఆ బిరుదు దక్కింది. సూరాయమ్మను అందరూ ఉమ్ నిమ్స్ అనేవాళ్లు. నిమ్స్ అంటే ముంగిస.

మొదట అది ఎగతాళికి పెట్టిన పేరే. ఎగతాళి ఎప్పుడు మర్యాదగా మారిందో వీధికి గుర్తుందో లేదో గానీ సూరాయమ్మకు బాగా గుర్తు. ఇరాకీ సైన్యం కువైట్‌లో తిష్ఠ వేసిన ఏడాది, దసరా వెళ్లిన వారం అది.

సూరాయమ్మది రాయచోటి అవతల మెట్టపల్లె. చెనిక్కాయ పండితే తినడం, లేకపోతే కూలికి పోవడం. మొగుడు బావి తవ్వుతూ మట్టి కూలి పోయాడు. పిల్లల్లేరు. అత్తగారింట్లో అక్కర్లేని మనిషిగా నాలుగేళ్లు గడిపి, ఎవరో ఏజెంటు మాట పట్టుకుని కువైట్ వచ్చింది. వచ్చిన ఇల్లు ఉమ్ నాసర్‌ది. పనివాళ్లందరిలాగే సూరాయమ్మ ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలిచేది. మామా భర్త, అంటే వీళ్ల బాబా, బియ్యం వ్యాపారి. షువైఖ్ రేవు దగ్గర పెద్ద గోడౌను ఉండేది. జహ్రా ఇంటి వెనక మేకల దొడ్డి, కోళ్లు, ఓ రేగుచెట్టు. సూరాయమ్మకు ఇంటి లోపలి పనికంటే ఆ దొడ్డి పనే ఇష్టం. మేకలు ఆమె తెలుగుకు పలికేవి.

ఓబులు వచ్చింది గోడౌను నుంచే. ఆ ఇంటి డ్రైవరు మస్తాన్ వలి కూడా రాయచోటివాడే, సూరాయమ్మకంటే చిన్నవాడు. ఒకరోజు తలగుడ్డను మూటలా పట్టుకుని దొడ్లోకి వచ్చి, మన దేశం నుంచి ఒక మనిషి వచ్చినాడు చూడక్కా అన్నాడు. మూట విప్పితే బూడిదరంగు కూన, ఇంకా కళ్లు సరిగా తెరవలేదు. బొంబాయి నుంచి వచ్చిన బియ్యం మూటల మధ్య దొరికిందట. తల్లి రేవులోనే పోయింది.

"వీసా లేదు, ఇఖామా లేదు," అన్నాడు మస్తాన్ వలి. "దూరి వచ్చేసినాడు. నువ్వే కఫీల్‌గా ఉండాల సూరక్కా." ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, కఫీల్ అంటే పూచీ పడే యజమాని.

మామా చూసి ముక్కు చిట్లించింది. అది ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని ఒకే మాట చెప్పి వెళ్లిపోయింది. సూరాయమ్మ దూదిని ఒత్తిలా చేసి, మేకపాలలో ముంచి, కూన నోట్లో పెట్టింది. అది ఒత్తిని వదల్లేదు. వాళ్ల పల్లెలో ఇంటికొక ఓబులు ఉంటాడు కాబట్టి దీనికీ ఆ పేరే పెట్టింది.

చెనిక్కాయల కల్లంలో ముంగిస తిరిగితే ఆ ఏడు ఎలుక భయం ఉండదని సూరాయమ్మ చిన్నప్పటినుంచి చూసిందే. పెద్దగా ఆలోచించి నేర్పిందేమీ లేదు. ఓబులు మెడకు ఎర్ర దారంతో చిన్న గజ్జె కట్టింది. గజ్జె ఉన్నంతసేపు ఇల్లు, ఆట, ఒళ్లో నిద్ర. గజ్జె విప్పితే పని. పనికి ముందు తిండి పెట్టేది కాదు. పని అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి గజ్జె ఆడిస్తే పరిగెత్తుకొచ్చేది. అప్పుడు ఒక పచ్చిగుడ్డు. అంతే దాని చదువు.

బాబా ఆ సంగతి విని, వారానికోసారి ఇద్దరినీ షువైఖ్‌కు తీసుకురమ్మన్నాడు. గాలి ఆడేలా ఇనుప జాలీ కొట్టిన చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని, మస్తాన్ వలి బండిలో, సూరాయమ్మ రేవుకు పోయేది. గోడౌను తలుపు దగ్గర గజ్జె విప్పి పిడికిట్లో పట్టుకునేది. ఓబులు వెంటనే ఎలుకల మీదికి దూకేది కాదు. ముందు గోడవెంట తిరిగి, ప్రతి వరస దగ్గరా ఆగి, తోకెత్తి, వెనక భాగాన్ని మూటలకు రుద్దేది. మూటలు మోసేవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. డ్యూటీ ఎక్కేముందు సంతకం పెడుతున్నాడని మస్తాన్ వలి చెప్పేవాడు. సంతకాలయ్యాక మొదలయ్యేది అసలు పని. సాయంత్రానికి చచ్చిన ఎలుకలను పారతో ఎత్తాల్సి వచ్చేది.

పక్క గోడౌన్ల షావుకార్లు ఆ ముంగిసను మాకూ ఒకరోజు పంపమని అడిగేవాళ్లు. బాబా గడ్డం దువ్వుకుంటూ, నాదేముంది, వాళ్లమ్మ ఒప్పుకోవాలి కదా అని సూరాయమ్మ వైపు చూపించేవాడు. ఉమ్ నిమ్స్ అనే పేరు అక్కడ పుట్టింది. రేవు నుంచి జహ్రా వీధికి పాకింది. ఇంట్లో మామా మాత్రం ఆ పేరు ఎప్పుడూ అనలేదు. ఆమెకు సూరాయమ్మ ఎప్పుడూ 'సూరియా'నే. ముంగిస పేరెత్తాల్సి వస్తే, "అది" అనేది.

ఏళ్లు గడిచాయి. ఓబులు మూతి మీద బొచ్చు తెల్లబడింది. ఒక కంటికి పొర వచ్చింది. కోరలు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోయాయి. వెనక కాలు ఒకటి ఈడ్వడం మొదలైంది. గోడౌనుకు మందు పెట్టేవాళ్లను మాట్లాడుకుని, బాబా ఓబులుకు సెలవిచ్చేశాడు. అప్పటినుంచి సూరాయమ్మ పని పెరిగింది. గుడ్డును పాలలో గిలకొట్టి, వేలితో నాకించేది. మేక కాలేయాన్ని రాయి మీద నూరి, చిన్న చిన్న ఉండలు చేసి పెట్టేది. చలికాలం ఇటుక వేడి చేసి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టేది. పొద్దున ఎండ వచ్చే వేళకు ఒళ్లో వేసుకుని రేగుచెట్టు పక్కన కూర్చునేది. పనిచేసి ముసలైన ప్రాణికి పనిచేసే రోజుల్లో కంటే ఎక్కువ మర్యాద జరగాలని ఆమె పట్టుదల. ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో ఆమెను అడిగినవాళ్లు లేరు.

ఆగస్టులో ఒక పొద్దున ఇరాక్ సరిహద్దుకు పోయే అబ్దలీ రోడ్డు వైపునుంచి ట్యాంకులు జహ్రా మీదుగా ఊళ్లోకి వెళ్లిపోయాయి. బాబా, కొడుకులు వేసవికి సౌదీలోని తాయెఫ్ వెళ్లి అక్కడే చిక్కుకున్నారు. ఇంట్లో మామా, కోడళ్లు, మనవలు మిగిలారు. ఫోన్లు పోయాయి. కొన్నాళ్లకే షువైఖ్ గోడౌన్లను సైనికులు ఖాళీ చేస్తున్నారని కబురొచ్చింది. మామా ఏడవలేదు. మస్తాన్ వలిని పిలిచి, బియ్యం ఎంత తేగలిగితే అంత ఇంటికి తెమ్మంది. అతను మేకల బండిలో కింద మూటలు, పైన ఎండుగడ్డి పరిచి, చెక్‌పోస్టుల దగ్గర నేను హిందీ, ఇది మేకల మేత అని పళ్లికిలించి, తిరిగాడు. హిందీ అంటే ఇండియావాడు. కొందరు సైనికులు గడ్డిని చేత్తో తట్టి పొమ్మనేవాళ్లు. ఒకడు మాత్రం తుపాకీ మొనతో పొడిచి చూశాడట. ఆ రోజు మూటలు లేవు, నిజంగా గడ్డే ఉందని మస్తాన్ వలి తర్వాత చెప్పాడు.

మేకల దొడ్డి వెనక పొడుగాటి కొట్టు ఉంది. మూటలన్నీ అందులో వేసి, తలుపు ముందు గడ్డి పేర్చారు. ఆ బియ్యమే ఇంటికీ, మగవాళ్లు కనిపించకుండా పోయిన చుట్టుపక్కల ఇళ్లకూ, యజమానులు పారిపోయాక దిక్కులేకుండా మిగిలిన మన పనివాళ్లకూ ఆధారం. ఎవరింటికి ఎంత పోవాలో మామా ఒక పాత ఖర్జూరపు డబ్బాతో కొలిచి ఇచ్చేది. వాళ్లు వేసుకున్న నల్లటి అబాయాల కింద దాచుకుని తీసుకుపోయేవాళ్లు.

కొట్టు మీదికి సైనికులకంటే ముందు వచ్చిన శత్రువు ఎలుకలు. వీధుల్లో చెత్త ఎత్తేవాళ్లు లేరు. సందు మొగలలో కుప్పలు పెరిగాయి. పందికొక్కుల్లాంటి ఎలుకలు పట్టపగలే దర్జాగా తిరుగుతున్నాయి. పిల్లులకు చెత్తకుప్పల్లోనే పండగ, ఎలుకల జోలికి పోవు. మందు దొరకదు. దొరికినా పిల్లలు తినే బియ్యం పక్కన ఎవరు పెడతారు?

సూరాయమ్మ ఓబులు పెట్టెను కొట్లోకి మార్చింది. చిరిగిన తన చీరలు ముక్కలు చేసి కొట్టు నాలుగు మూలలా పరిచింది. పూటకొక మూలలో ఓబులును పడుకోబెట్టేది. అది నిద్రపోయేది. అంతకుమించి ఏమీ చేసేది కాదు. అయినా బియ్యం మీద ఒక్క ఎలుక పడలేదు. దొడ్డి గోడ దాకా వచ్చి, అక్కడినుంచే తిరిగిపోతున్నాయి. అది ఎందుకో సూరాయమ్మ ఆలోచించలేదు. ఓబులంటే వాటికి భయం అనుకుంది. అంతవరకు గర్వపడింది.

సెప్టెంబరులో ఇండియావాళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు, అక్కడినుంచి విమానంలో బొంబాయికి పంపుతున్నారని తెలిసింది. పక్కింట్లో పనిచేసే రెడ్డెమ్మ మూట కట్టుకుని వచ్చింది. సూరాయమ్మను కూడా రమ్మని బతిమాలింది. చివరికి విసుక్కుంది.

"మేయ్, నీకేమన్నా మతి పోయినాదా? బాంబులు పడేకాడ ఒక ముంగి కోసరం ఉంటావా?"

"బస్సులో రానిస్తారేమో అడిగి రా," అంది సూరాయమ్మ. "రానిస్తే ఇద్దరం వస్తాం."

రెడ్డెమ్మ నవ్వి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. మస్తాన్ వలి కూడా బస్సు ఎక్కలేదు. నేను పోతే బండి ఎవరు నడపాల అన్నాడు.

గొడవ గుడ్డు దగ్గర వచ్చింది. కోళ్లకు గింజలు తక్కువై గుడ్లు తగ్గిపోయాయి. చిన్న కోడలి కొడుక్కు అప్పుడే పళ్లొస్తున్నాయి, ఒళ్లు వెచ్చగా ఉంటోంది. ఒకరోజు సూరాయమ్మ పాలలో గుడ్డు గిలకొడుతుంటే మామా వెనకే వచ్చి నిలబడింది.

"పళ్లొచ్చే పిల్లాడికి లేని గుడ్డు, పళ్లూడినదానికా?"

సూరాయమ్మ చెయ్యి ఆగింది. తన వంతు రొట్టె తగ్గించమంది. టీలో పాలు తనకు వద్దంది. ఓబులు గుడ్డు మాత్రం ఆపవద్దని అడిగింది. అది మెత్తనిది తప్ప తినలేదు, మాంసం అసలు లేదు, గుడ్డు లేకపోతే పోతుంది. అది పోతే బియ్యానికి కాపలా పోతుంది. ఆమెకొచ్చిన అరబీ అంతా కూడగట్టుకుని ఈ ముక్క చెప్పింది.

మామా కఠినురాలు కాదు. తిండి లెక్క ఆమె నెత్తిన పడింది, అంతే. చివరికి ఒక షరతు పెట్టింది. బియ్యంలో ఎలుక పడనన్నాళ్లు గుడ్డు. పడిన రోజు ఖలాస్. ఆ రోజునుంచి ఆ గుడ్డు పిల్లాడిది.

సూరాయమ్మ సరేనంది. ఓబులు మీద ఆమెకు అంత నమ్మకం.

అంతలో దసరా వచ్చింది. ఊళ్లో ఉంటే ఇల్లంతా దులిపి, పరుపులూ బొంతలూ ఉతికి, పారకూ కొడవలికీ బండికీ పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజ చేస్తారు. జహ్రా ఇంట్లో అలాంటివి సాగవు. ఏటా ఆ రోజు దొడ్లో ఎవరూ చూడకుండా చీపురుకూ మేకల తాళ్లకూ ఇంత కుంకుమ పెట్టి, చివర్లో ఓబులు నుదుట కూడా ఒక బొట్టు పెట్టేది. పనిచేసేవన్నీ ఆయుధాలే కదా. మస్తాన్ వలి ముస్లిమైనా రాయచోటి డ్రైవరు. నా బండి చక్రానికి గూడా ఒక నిమ్మకాయ పెట్టక్కా అని ఏటా గుర్తుచేసేవాడు.

ఆ ఏడు పండగ బాగా జరగాలని సూరాయమ్మ గట్టిగా అనుకుంది. ఊరంతా మురికి పట్టి ఉంది, ఈ ఒక్క కొట్టన్నా శుభ్రంగా ఉండాలి. మూలల్లో చీరముక్కలు తీసి, క్లోరెక్స్ బ్లీచు పోసి నానబెట్టి, ఉతికి, రేగుచెట్టు మీద ఆరేసింది. పెట్టె కడిగింది. కొట్టు నేల డెట్టాల్‌తో తుడిచింది. గోరువెచ్చని నీళ్లలో ఓబులుకు సబ్బుతో తలంటి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, బొట్టు పెట్టింది. ముసలాడు పెళ్లికొడుకులా మెరిశాడు. మస్తాన్ వలి చక్రానికి నిమ్మకాయ కూడా దొరికింది.

మూడో రోజు పొద్దున మామా డబ్బా తీసుకుని కొట్లోకి వెళ్లి, ఖాళీ డబ్బాతోనే బయటికొచ్చింది. అడుగు వరసలో మూటకు పిడికెడంత కన్నం. నేల మీద చల్లిన బియ్యం, నల్లటి పెంటికలు. పక్క మూటకు కూడా కొరుకుడు మొదలైంది. ఓబులు పెట్టెలో ముడుచుకుని నిద్రపోతోంది.

మామా గట్టిగా అరిచి ఉంటే సూరాయమ్మకు కొంత నయంగా ఉండేది. ఆమె అరవలేదు. ఈ రోజు గుడ్డు పిల్లాడికి పెట్టు అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

సూరాయమ్మ కన్నం పడిన మూట ముందు కూలబడింది. నిన్నమొన్నటి దాకా రానివి ఇప్పుడెందుకు వచ్చాయి? ఓబులు మారలేదు. మొన్నా నిద్రపోయింది, నేడూ నిద్రపోయింది. పాడైన బియ్యం ఎత్తడానికి మస్తాన్ వలి చాట తీసుకుని వచ్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఈ కొట్లోకి వచ్చినప్పుడల్లా ముక్కుకు తలగుడ్డ అడ్డం పెట్టుకోవడం అతని అలవాటు. ఓబులు వాసన భరించలేనని రోజూ అంటాడు.

"సూరక్కా, ఈడ ఏదో తగ్గినాది," అన్నాడు. "ముక్కు మూసుకోకుండానే వచ్చేసినా."

సూరాయమ్మ తలెత్తి అతన్ని చూసింది. తర్వాత మూలల్లో తెల్లగా మెరుస్తున్న చీరముక్కల్ని చూసింది. క్లోరెక్స్ వాసన తప్ప కొట్లో మరే వాసనా లేదు. షువైఖ్‌లో ఏళ్ల తరబడి చూసి నవ్విన ఆ సంతకాలు గుర్తొచ్చాయి. ఓబులు కోరలతో కాపలా కాయడం ఎప్పుడో మానేసింది. కాపలా కాసింది దాని వాసన. పండగని చెప్పి ఆ కాపలాను తన చేతులతోనే ఉతికి ఆరేసింది.

ఆమె మామా దగ్గరికి వెళ్లి తప్పు ఓబులుది కాదని, తనదని చెప్పింది. శుక్రవారం దాకా గడువు అడిగింది. గడువు ఇస్తాను గానీ గుడ్డు ఇవ్వలేనంది మామా. అది న్యాయమేనని సూరాయమ్మ ఒప్పుకుంది.

చీరముక్కల్ని దొడ్లోకి తీసుకుపోయి, క్లోరెక్స్ వాసన పోయేదాకా దుమ్ములో దొర్లించి తెచ్చింది. ఓబులును ఒళ్లోకి తీసుకుని, ఎర్ర దారం ముడి పట్టుకుంది. కొన్నేళ్లుగా విప్పని ముడి, గట్టిగా బిగుసుకుపోయింది. పళ్లతో లాగి విప్పింది. గజ్జె పిడికిట్లోకి తీసుకుంది.

ఓబులు మెడ పైకి లేచింది. పొర కమ్మిన కన్ను, బాగున్న కన్ను రెండూ మూటల వైపు తిరిగాయి. ఒళ్లోనుంచి దిగి, వెనక కాలు ఈడ్చుకుంటూ గోడవెంట నడిచింది. మొదటి వరస దగ్గర ఆగింది. తోకెత్తడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి ఎత్తి, మూటకు రుద్దింది. రెండో వరస దాకా వెళ్లి పడుకుండిపోయింది. సూరాయమ్మ తొందరపెట్టలేదు. అది లేచేదాకా పక్కనే కూర్చుంది. లేవలేకపోతే ఎత్తి తర్వాతి వరస దగ్గర దించింది. దించితే చాలు, తన పని తాను చేసుకునేది. ఆ రోజంతా, మర్నాడంతా అలాగే సాగింది. వంటకు పిలుపొస్తే పోయి వండి వచ్చేది. నాలుగు మూలల్లో, ప్రతి గుడ్డ మీదా ఓబులును పొర్లించింది. తిండికి మేకపాలలో తన వంతు రొట్టెను నానబెట్టి పెట్టింది. అది సగం తిని వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం చివరి మూల దగ్గర ఓబులు ఆగిపోయింది. ఒంటి మీద బొచ్చంతా నిక్కపొడుచుకుంది. సూరాయమ్మ ఏమైందో చూసేలోపే మూట సందులోకి దూకింది. దూకడం కాదు, పడిపోవడం లాంటిది. లేచేసరికి దాని ముందుకాళ్ల కింద ఒక పెద్ద ఎలుక గిలగిల్లాడుతోంది. కొరకడానికి కోరలు లేవు. ఓబులు తన బరువంతా వేసి, ఛాతీ కింద అదిమి పట్టుకుంది. ఎలుక మెడ తిప్పి దాని పెదవిని పట్టింది. రక్తం కారుతున్నా ఓబులు వదల్లేదు. తల తిప్పి సూరాయమ్మ వైపు చూసింది. ఆమె కాలి చెప్పు తీసి ఒక్క దెబ్బ వేసింది. రెండోది అవసరం లేకపోయింది.

ఓబులు ఎలుకను వదిలి, గుమ్మం దాకా మెల్లగా నడిచి వెళ్లి, అక్కడ కూర్చుంది. పని అయ్యాక కూర్చునే చోటు అదే. గుడ్డు కోసం.

సూరాయమ్మ ఎలుక తోక పట్టుకుని వంటింటి మెట్ల దగ్గరికి వెళ్లింది. మామా లోపల పప్పు ఏరుతోంది. ఎలుకను మెట్టు మీద పెట్టి, నిటారుగా నిలబడింది. ఆ ఇంట్లో ఆమె అలా నిలబడడం ఎవరూ చూసి ఉండరు.

"ఓబులు పనిచేసినాడు మామా. కూలి ఇయ్యాల."

మొదటి ముక్క తెలుగులో వచ్చేసింది. మళ్లీ అరబీలో చెప్పింది. మామా ఎలుకను చూసింది. సూరాయమ్మ చేతికంటిన రక్తం చూసింది. లేచి కోళ్లగూటికి తనే వెళ్లి, తనే చెయ్యి పెట్టి వెతికి, వెచ్చటి గుడ్డు ఒకటి తెచ్చి ఇచ్చింది.

"తీసుకో, ఉమ్ నిమ్స్," అంది.

వీధంతా నవ్వుతూ పిలిచిన పేరును ఆమె నవ్వకుండా పిలిచింది. ఇది కథ చెప్పేటప్పుడు కల్పించి చెప్పుకునే గొప్ప కాదు. పక్కనే నిలబడి విన్న మస్తాన్ వలి ఆ సాయంత్రమే మూడిళ్లకు చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత కొట్లో ఎలుక పడలేదు. గోడ దాకా వచ్చేవి, తిరిగిపోయేవి. వాసన మాత్రం మళ్లీ పాత స్థాయికి చేరుకుంది. మస్తాన్ వలి తలగుడ్డ మళ్లీ ముక్కుకు వచ్చింది. ఇప్పుడు దాన్ని దర్జాగా అడ్డం పెట్టుకునేవాడు. ఇరాకీలు ఇటు వచ్చినా ఈ వాసనకే పారిపోతారని కోడళ్లను నవ్వించేవాడు. ఒకసారి ఇద్దరు సైనికులు నిజంగానే దొడ్లోకి వచ్చారు. రెండు మేకలను తోలుకుపోయారు గానీ గడ్డి దగ్గర ఒకడు మొహం తిప్పుకుని ఉమ్మేసి పోయాడు. అది ఓబులు ఘనతేనని సూరాయమ్మ లెక్క.

పెదవి గాయానికి పసుపు, నెయ్యి కలిపి రాసింది. గాయం మానింది. ఓబులు మాత్రం ఆ ఎలుకతో తన దగ్గరున్నదంతా ఖర్చుపెట్టేసినట్టుంది. నవంబరుకు నడక ఆగింది. సూరాయమ్మే దాన్ని ఒక మూలనుంచి ఇంకో మూలకు ఎత్తుకుని మార్చేది. చలి ముదిరాక ఇటుక వేడి సరిపోక, పనిచేసేటప్పుడు కొంగుతో కడుపుకు కట్టుకునేది. రొట్టెలు చేస్తుంటే పొట్ట దగ్గర చిన్న వెచ్చదనం, దాని ఊపిరి తెలుస్తుండేది. గుడ్డు రోజూ అడక్కుండానే వచ్చేది. కొన్నిరోజులు కోళ్లు పెట్టేది ఒకటే గుడ్డు. మామా దాన్ని గిలకొట్టి, సగం పిల్లాడి గిన్నెలో, సగం ఓబులు చిప్పలో పోసేది.

జనవరిలో ఇరాకీ సైన్యం మీద విమానాల దాడి మొదలైంది. కిటికీలకు టేపులు అంటించారు. పిల్లలను లోపలి గదిలో పడుకోబెట్టారు. ఆ శబ్దానికి మేకలు కూడా బెదిరి మేత మానేశాయి. ఓబులు బెదరలేదు, దానికి వినపడుతోందో లేదో తెలియదు. ఒక పొద్దున సూరాయమ్మ వేళ్లతో గుడ్డు నాకిస్తుంటే, నాలుక రెండుసార్లు ఆడి ఆగిపోయింది. చాలాసేపు వేలు అలాగే పెట్టుకుని కూర్చుంది.

మస్తాన్ వలి రేగుచెట్టు కింద గొయ్యి తవ్వాడు. సూరాయమ్మ ఓబులుకు నీళ్లు పోసి, పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టింది. కొట్లో చీరముక్కల జోలికి మాత్రం పోలేదు. ఎక్కడివి అక్కడే ఉన్నాయి. గొయ్యి దగ్గర మస్తాన్ వలి గజ్జె గుర్తుచేశాడు. దాని మెడకు కట్టి పంపవా అని అడిగాడు.

"వద్దు అబ్బీ," అంది. "కొట్లో బియ్యం ఉండాది. వాడింకా డ్యూటీలోనే ఉండాడు."

గజ్జె కొంగున ముడి వేసుకుంది. మామా వంటింటి గుమ్మంలో నిలబడి, మట్టి వేయడం అయ్యేదాకా చూసి లోపలికి వెళ్లింది.

ఓబులు లేకుండా గడిచిన వారాల్లో సూరాయమ్మ రోజూ పొద్దున్నే కొట్లోకి వెళ్లి మూటలన్నీ తడిమి చూసేది. గుడ్డలు కదపలేదు, నేల తుడవలేదు. ఒక్క కన్నం పడలేదు. నూనె బావులు తగలబడి, పట్టపగలు ఆకాశం నల్లబడి, రేగు ఆకుల మీద మసి జిడ్డు కట్టింది. కొట్లో మాత్రం ఆ ముసలివాసన అలాగే కాపలా కాసింది.

ఫిబ్రవరి చివర ఒక రోజు ఇరాకీ సైన్యం వచ్చిన రోడ్డునే వెనక్కి పోయింది. వీధిలో ఆడవాళ్లు బయటికొచ్చి నాలుకలాడించి సంతోషపు కేకలు వేశారు. మామా ఆఖరి మూటను దొడ్డి మధ్యలోకి తెప్పించి, వీధి మొత్తానికి వండమంది. మాంసం లేదు. ఉల్లిపాయ, ఎండు నిమ్మకాయ, బియ్యం. పెద్ద పళ్లేల చుట్టూ జనం కూర్చున్నారు. ఇన్ని నెలలు బియ్యం ఎలా కాపాడారని ఒక పెద్దాయన అడిగితే, మామా సూరాయమ్మను చూపించి, ఉమ్ నిమ్స్‌ను అడగండి అంది. సూరాయమ్మ పైట సర్దుకుని, దాచకుండా, తను ఉతికి పాడుచేసిన సంగతితో సహా, అంతా చెప్పింది. తన తప్పు గురించి చెప్పినప్పుడు నవ్వారు. ఓబులు ఎలుకను పట్టిన సంగతి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

పళ్లేలు ఖాళీ అయ్యాయి. సూరాయమ్మ కొట్లోకి వెళ్లి చూసింది. నేల మీద మూటల అచ్చులు తప్ప ఏమీ లేదు. కొంగు ముడి విప్పి, గజ్జె తీసుకుని, రేగుచెట్టు దగ్గరికి నడిచింది. పని అయిపోయినప్పుడు గోడౌను గుమ్మం దగ్గర ఆడించినట్టే ఆడించింది. మసి పట్టిన మట్టి మీద గజ్జె పెట్టి, కాసేపు నిలబడింది.

వెనకనుంచి మామా గొంతు వినిపించింది. ఆమె చేతిలో కోళ్లగూటినుంచి అప్పుడే తెచ్చిన గుడ్డు ఉంది.

"ఇది మర్చిపోయావు," అంది.